ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ - గాయకుడికి కావలసిన యోగ్యతలు

మన సొసైటీ సభ్యుల కుటుంబాల్లో మంచి గొంతు ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లి బొగ్గుబావి కాలనీల్లో గాని ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ స్కూల్ వార్షికోత్సవానికి వెళ్ళినా ఒక పిల్లవాడో పిల్లో లేచి నాలుగు ముక్కలు పాడితే అందరూ ముచ్చటపడి చప్పట్లు కొడతారు. అప్పుడు తల్లిదండ్రులకు ఒక ఆశ పుడుతుంది, దాని వెంటే ఒక భయమూ పుడుతుంది. ఈ పాట బిడ్డకు అన్నం పెడుతుందా? పెట్టాలంటే గొంతు ఒక్కటే చాలునా, ఇంకా ఏమేం కావాలి? ఈ ప్రశ్నలు ఉపాధ్యాయుడనైన నన్ను కూడా అడుగుతుంటారు.

సంగీతం విషయంలో మన పెద్దల్లో వేరువేరు అభిప్రాయాలున్న సంగతి అందరికీ తెలుసు. ఆ చర్చ ఇక్కడ పెట్టదలచుకోలేదు. ఒక విద్య ఎంత శ్రమతో వస్తుందో, దానికి మనిషిలో ఏయే గుణాలు ఉండాలో ఒక మహా గాయకుని జీవితం ద్వారా చూద్దాం. ఆయన ఎక్కడో పుట్టినా మన హైదరాబాదు మట్టిలోనే శాశ్వత నిద్ర పోతున్నారు. ఆయనే ఉస్తాద్ బడే గులాం అలీఖాన్.

జననం, కుటుంబం

ఖాన్ సాహెబ్ 1902 ఏప్రిల్ 2వ తేదీన పంజాబులో లాహోరుకు సమీపంలోని కసూర్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తానులో ఉంది. తండ్రి అలీ బక్ష్ ఖాన్, చాచా కాలే ఖాన్, ఇద్దరూ పేరున్న గాయకులే. హిందుస్తానీ సంగీతంలో పటియాలా ఘరానా అని ఒక సంప్రదాయం ఉంది. ఘరానా అంటే ఒక ఉస్తాదు ఇంటి నుంచి షాగిర్దులకు, కొడుకులకు తరతరాలుగా వచ్చే పాట పద్ధతి. ఈ కుటుంబం ఆ పద్ధతికి చెందింది. ఖాన్ సాహెబ్ తమ్ముడు బర్కత్ అలీఖాన్ కూడా ఠుమ్రీ, గజల్ పాడటంలో గొప్ప పేరు సంపాదించారు.

పాట ఇంట్లోనే పుట్టింది గదా, ఇక ఆయనకు కష్టమేముంది అని అనుకోవచ్చు. నిజానికి గాయకుల ఇంట్లో పుట్టినందువల్ల కలిగే లాభం ఒక్కటే. ఏది మంచి పాటో, ఏది కాదో చెవికి చిన్నప్పుడే తెలిసిపోతుంది. తర్వాతి శ్రమ అందరికీ సమానమే. ఆ ఇళ్ళలో పుట్టి కూడా శ్రమపడక మరుగున పడినవాళ్ళు లెక్కకు మించి ఉన్నారు.

తాలీం

ఖాన్ సాహెబ్ పలక పట్టే ఈడులోనే చాచా కాలే ఖాన్ దగ్గర తాలీం మొదలుపెట్టారు. పాత ఉస్తాదుల తాలీం మన బడి పాఠం వంటిది కాదు. పుస్తకం ఉండదు, గంట కొట్టరు. ఉస్తాదు ఒక స్వరం పలికితే షాగిర్దు దాన్ని పలకాలి. అది సరిగ్గా నిలిచేదాకా రెండో స్వరానికి పోనివ్వరు. మన బళ్ళో అలిఫ్, బే కుదరని పిల్లవాడికి కితాబు ఇస్తామా? ఇదీ అంతే. ఒక్కొక్క రాగంలో ఏ స్వరం మీద ఆగాలి, ఏ స్వరాన్ని తాకి వదలాలి, ఏ దారిన పైకి పోయి ఏ దారిన దిగాలి అన్నది చెవితో పట్టుకొని గుండెలో దాచుకోవాలి. అందుకే గాయకుడికి కావలసిన మొదటి యోగ్యత గొంతు కాదు, చెవి. విన్నదాన్ని ఉన్నదున్నట్టు వినగలవాడే ఉన్నదున్నట్టు పలకగలడు. దాని తర్వాత ఓపిక, ఆ తర్వాత జ్ఞాపకశక్తి.

కాలే ఖాన్ గారు గతించిన తర్వాత తండ్రి దగ్గర తాలీం సాగింది. ఇతర ఉస్తాదుల వద్ద కూడా ఖాన్ సాహెబ్ నేర్చుకున్నారు. చాచా పోవడంతో ఆ ఇంటి పాట కూడా పోయిందని ఎవరో తేలికగా మాట్లాడితే, ఆ మాట మనసుకు తగిలి ఆయన రాత్రింబగళ్ళు సాధనలో మునిగిపోయారని చెప్పుకుంటారు. ఎత్తిపొడుపు మాట విని కొందరు కుంగిపోతారు, కొందరు పట్టుదల పెంచుకుంటారు. ఆయన రెండో కోవకు చెందినవారు.

సారంగి వాయించిన రోజులు

ఈ రోజుల్లో పిల్లలకు చెప్పవలసిన ముఖ్య విషయం ఒకటుంది. ఇంతటి గాయకుడు మొదట్లో పొట్టకూటి కోసం ఇతరుల పాటకు సారంగి వాయించారు. సారంగి కమానుతో వాయించే తంత్రీ వాద్యం. మనిషి గొంతుకు అన్నిటికన్నా దగ్గరగా పలికేది అదే అంటారు. కాని ఆ కాలంలో సారంగి వాద్యకారులకు గాయకులతో సమానమైన గౌరవం ఉండేది కాదు. పాడేవాడు ముందు కూర్చుంటే సారంగివాడు పక్కన కూర్చోవాలి. పాడినవాడు ఎటు తిరిగితే అటు నీడలాగా వెంట పోవాలి.

దాన్ని చిన్నతనంగా భావించి ఆయన మానుకోలేదు. ఆ పనిలోనే ఎందరో గాయకుల పద్ధతులను దగ్గర నుంచి విన్నారు. ఎవరి పాటలో ఏ అందం ఉందో, ఎవరు ఎక్కడ తడబడతారో తెలుసుకున్నారు. తర్వాత ఆయన పాటలో పటియాలా పద్ధతితో పాటు ధ్రుపద్ గాంభీర్యం, గ్వాలియర్ పోకడ, జైపూర్ వంకర తానాలు కూడా కలిసి కనిపించాయని తెలిసినవారు రాశారు. ఒక ఘరానా బిడ్డ అయి ఉండి నాలుగు దిక్కుల మంచిని స్వీకరించారు. చిన్న పనిలో ఉన్నప్పుడు పెద్ద విద్య నేర్చుకోవడం కూడా ఒక యోగ్యతే.

రియాజ్ - గొంతును తయారుచేయడం

ఖాన్ సాహెబ్ గొంతు మూడు స్థాయిలలో సమానంగా పలికేది. కింది షడ్జమంలో ఎంత నిండుగా ఉండేదో తారస్థాయిలో కూడా అంతే మెత్తగా ఉండేది. భారీ విగ్రహం, పెద్ద మీసాలు చూసి ఇంత పెద్ద మనిషి గర్జిస్తారేమో అనుకుంటే, వినబడేది పట్టులాంటి గొంతు. ఆ గొంతే మెరుపు వేగంతో తానం తీసేది. వేగంలో కూడా ఒక్కొక్క స్వరం తస్బీ పూసల్లాగా విడివిడిగా వినిపించేది.

ఇది పుట్టుకతో వచ్చిన వరమే అని వదిలేస్తే ఆయన శ్రమకు అన్యాయం చేసినట్టు. గొంతు కూడా దేహంలోని కండరమే. దాన్ని పద్ధతి ప్రకారం సాధన చేయించాలి. తెల్లవారుజామున కింది స్థాయి స్వరాలను పట్టుకొని ఊపిరి ఉన్నంతసేపు నిలపడం పాత ఉస్తాదుల మొదటి పాఠం. దానివల్ల ఊపిరి పెరుగుతుంది, స్వరం వణకడం మానుతుంది. తర్వాత సర్గమ్ నెమ్మదిగా, ఆ తర్వాత కొద్దికొద్దిగా వేగం. చాలామంది పిల్లలు మొదటి రోజే పై స్థాయిలో అరిచి పాడతారు. అట్ల పాడితే చప్పట్లు వస్తయి గాని గొంతు బొంగురు పోతుంది. పన్నెండు పదమూడేళ్ళ వయసులో మగపిల్లల గొంతు మారుతుంది. ఆ సమయంలో బలవంతంగా పై శ్రుతిలో పాడిస్తే శాశ్వతంగా చెడిపోయే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి.

ఈనాడు రికార్డింగ్ స్టూడియోలలో శ్రుతి తప్పిన చోట యంత్రమే సరిచేస్తుంది. కాని ఎదురుగా నలుగురు కూర్చున్న మెహఫిల్లో ఏ యంత్రమూ ఆదుకోదు. ఖాన్ సాహెబ్ ఒళ్ళో స్వరమండలం పెట్టుకొని, దాని తీగలు మీటుకుంటూ పాడేవారు. ఆ తీగలకు గొంతు ఒక్క వెంట్రుకవాసి తేడా పడినా విన్నవారికి తెలిసిపోతుంది. అంతటి ధైర్యం రియాజ్ వల్లనే వస్తుంది.

వినేవాళ్ళను ఎరిగిన గాయకుడు

1938లో కలకత్తాలో, 1944లో బొంబాయి సంగీత సమ్మేళనంలో పాడిన తర్వాత దేశమంతా ఆయన పేరు మార్మోగింది. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. టీవీ పోటీలో పదేళ్ళ పిల్లవాడు మూడు నెలల్లో స్టార్ అయిపోవాలని తొందరపడే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఖాన్ సాహెబ్‌కు మరో గొప్ప గుణం ఉండేది. వినేవాళ్ళ ఓపిక ఎంతో ఆయనకు తెలుసు. పెద్ద పెద్ద విద్వాంసులు ఒకే రాగాన్ని గంటల తరబడి సాగదీసి పాడుతుంటే, ఆయన క్లుప్తంగా పాడేవారు. నెమ్మదిగా రాగాన్ని పెంచడంలో అందం ఉందని ఆయన కాదనలేదు. అయితే తాను పాడేది పండితుల కోసమే కాదు, సామాన్య జనం కోసం కూడా అన్నది ఆయన అభిప్రాయం. ఖయాల్ పాడిన గొంతుతోనే ఠుమ్రీ పాడి సామాన్యుల చేత కంటతడి పెట్టించారు. శాస్త్రీయ గాయకులు ఠుమ్రీని కాస్త తక్కువగా చూసే కాలంలో దానికి ఆయన గౌరవం తెచ్చారు. భజన కూడా అంతే నిష్ఠతో పాడారు. పదంలోని భావం మనసుకు పట్టినప్పుడే పాట పండుతుందన్నది ఆయన గానం విన్నవారికి ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక్కడ తలఫ్ఫుజ్ సంగతి చెప్పాలి. మాట స్పష్టంగా పలకని గాయకుడు ఎంత శ్రుతిలో పాడినా వినేవాడికి సగమే అందుతుంది. మక్తబ్‌లో అక్షరాలను వాటి వాటి చోటు నుంచి పలకడం నేర్చుకున్న పిల్లలకు, కాఫ్ వేరు, ఖాఫ్ వేరు అని తెలిసిన పిల్లలకు ఈ విషయంలో నాలుక ముందే సిద్ధమై ఉంటుంది. అదే శ్రద్ధ తెలుగు పాటలో కూడా చూపాలి. ‘ళ’ను ‘ల’ అని, ‘ణ’ను ‘న’ అని పలికితే తెలుగువాడి చెవి ఒప్పుకోదు. ఏ భాషలో పాడితే ఆ భాషను బడిలో చదువుకున్నంత బాగా చదువుకోవాలి.

ఖాన్ సాహెబ్ ‘సబ్‌రంగ్’ అనే కలం పేరుతో స్వయంగా బందిష్‌లు, ఠుమ్రీలు రచించారు. అన్ని రంగులూ అని ఆ పేరుకు అర్థం. ఆయన పాటకు అంతకన్నా తగిన పేరు లేదు.

మన తెలుగు గాయకులకు కూడా ఆయన మీద ఎనలేని గౌరవం ఉండేది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఆయనను ఎంతగానో అభిమానించి మద్రాసులోని తమ ఇంట్లో ఆతిథ్యం ఇచ్చారు. హిందుస్తానీ రాగం మనకు దూరం అనుకోనక్కరలేదు. 1957లో వచ్చిన ‘సువర్ణ సుందరి’ సినిమాలో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక పాట సోహిని రాగంతోనే మొదలవుతుంది. ఆ పాట వినని తెలుగు ఇల్లు లేదు. అదే సోహినిని ఖాన్ సాహెబ్ ‘మొగల్-ఎ-ఆజం’ కోసం పాడారు.

తన విలువ తాను ఎరగడం

దేశ విభజన తర్వాత ఖాన్ సాహెబ్ కొంతకాలం స్వస్థలమైన పాకిస్తానులో ఉన్నారు. కాని ఆయన పాటను ప్రాణంగా వినే జనం ఇక్కడ ఉన్నారు. చివరకు భారతదేశానికే తిరిగి వచ్చారు. మొరార్జీ దేశాయి గారి సహాయంతో 1957లో భారత పౌరసత్వం లభించింది. బొంబాయి, కలకత్తా, హైదరాబాదు నగరాల్లో ఆయన జీవితం గడిచింది.

సినిమాకు పాడటం ఆయనకు ఇష్టం లేదు. ఎందరు నిర్మాతలు అడిగినా కాదన్నారు. ‘మొగల్-ఎ-ఆజం’ తీస్తున్న కె. ఆసిఫ్, సంగీత దర్శకుడు నౌషాద్ అడిగినప్పుడు, వదిలించుకోవడానికి ఒక్కొక్క పాటకు 25,000 రూపాయలు అడిగారని, ఆసిఫ్ వెంటనే ఒప్పుకున్నారని సినీ లోకంలో ప్రసిద్ధి. ఆ రోజుల్లో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ వంటి వారికే పాటకు 500 రూపాయల లోపు ఇచ్చేవారు. 1960లో విడుదలైన ఆ చిత్రంలో తాన్‌సేన్ పాత్ర పాడే చోట వినిపించే గొంతు ఖాన్ సాహెబ్‌దే. ఒకటి సోహిని రాగంలో, మరొకటి రాగేశ్రీలో.

ఈ కథలో డబ్బు మొత్తం చూసి ఆశ్చర్యపడి ఊరుకోవద్దు. ఆ ధర చెప్పడానికి వెనుక సారంగి వాయించిన సంవత్సరాలున్నయి, రియాజ్ చేసిన వేల తెల్లవారుజాములున్నయి. విద్య లేకుండా ధర చెబితే జనం నవ్వుతారు. విద్య ఉండి కూడా ధర చెప్పలేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ రెండింటి మధ్య నిలబడటం వృత్తి గాయకునికి తప్పనిసరి. మన జిల్లాల్లో ఉర్సులకు, పెళ్ళిళ్ళకు పాడే కవ్వాలులు, బ్యాండు వాళ్ళు చాలామంది రాత్రంతా పాడి, తెల్లవారి ఇచ్చింది తీసుకొని పోతారు. ముందుగా మాట్లాడుకోవడం, మాట మీద నిలబడటం, రాతలో పెట్టుకోవడం తప్పు కాదని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

పక్షవాతం - మళ్ళీ పాట

1962లో ఆయనకు సంగీత నాటక అకాడమీ అవార్డు, అదే సంవత్సరం పద్మభూషణ్ లభించాయి. 1967లో అకాడమీ ఫెలోషిప్ ఇచ్చి గౌరవించింది. కాని ఆ గౌరవాల కాలంలోనే పెద్ద పరీక్ష వచ్చింది. పక్షవాతం వచ్చి దేహం ఒక వైపు దెబ్బతిన్నది.

గాయకుడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? ఊపిరి, నాలుక, కూర్చునే శక్తి, అన్నీ పాటకు పనిముట్లే. ఎవరైనా అయితే చాలు ఈ జన్మకు అనుకొని ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు. కొడుకు మునవ్వర్ అలీఖాన్ పక్కన కూర్చొని తోడు పాడుతుండగా మళ్ళీ సభల్లో పాడారు. తాను చేయిపట్టి నడిపించిన కొడుకే తన పాటకు చేతికర్ర అయినాడు. తానం పాత వేగంతో వచ్చినా రాకపోయినా పాడటం మానలేదు. గాయకుడికి కావలసిన యోగ్యతల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నాకు అనిపిస్తుంది. గొంతు పోవచ్చు, బలం పోవచ్చు, జనం మరచిపోవచ్చు. మళ్ళీ మొదటి స్వరం దగ్గర కూర్చునే మనసు ఉన్నవాడే చివరిదాకా గాయకుడు.

హైదరాబాదులో చివరి రోజులు

ఆ చివరి రోజుల్లో ఆయన హైదరాబాదులో నవాబ్ జహీర్ యార్ జంగ్ గారి అతిథిగా బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉన్నారు. పాయిగా వంశానికి చెందిన ఆ నవాబు గారు సంగీతాన్ని, సంగీతజ్ఞులను ఆదరించేవారు. 1968 ఏప్రిల్ నెలలో ఆ ప్యాలెస్‌లోనే ఖాన్ సాహెబ్ కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయనను ఖననం చేశారు. కుతుబ్‌షాహీల పేష్వా, హైదరాబాదు నగర నిర్మాణానికి పథకం వేసిన మీర్ మోమిన్ పేరు మీద వెలసిన శ్మశానమది. కసూర్‌లో పుట్టిన మనిషికి ఆ నగరం మట్టి దక్కింది.

ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆ పేరు మాత్రం బస్తీకి మిగిలింది. బషీర్‌బాగ్ రోడ్డుకు ఆయన పేరు పెట్టారు గాని, దినం ఆ దారిన పోయేవాళ్ళలో ఆ సంగతి ఎరిగినవారు తక్కువ. జనగామ నుంచి రైలెక్కి రెండు గంటల్లో సికింద్రాబాదు చేరే మన పిల్లలు, భూపాలపల్లి నుంచి హనుమకొండ మీదుగా బస్సులో వచ్చే పిల్లలు, ఈసారి నగరానికి పోయినప్పుడు ఆ దారిలో ఒక నిమిషం ఆగి ఆయనను తలచుకుంటే మంచిది.

మనం గ్రహించవలసింది

ఖాన్ సాహెబ్ జీవితం చూస్తే గాయకుడు కాదలచిన వారికి కావలసినవి ఇవని తేలుతుంది. బాగా వినే చెవి. ఉస్తాదు ముందు కూర్చునే వినయం. ఏళ్ళ తరబడి రియాజ్ చేసే ఓపిక. గొంతును, ఆరోగ్యాన్ని కాపాడుకునే జాగ్రత్త. మాట స్పష్టత, భావం. ఇతరుల పద్ధతిలోని మంచిని స్వీకరించే విశాల హృదయం. వినేవాళ్ళను ఎరిగే తెలివి. తన విద్యకు తగిన విలువ అడిగే ధైర్యం. కింద పడ్డప్పుడు లేచే మనసు. మంచి గొంతు వీటన్నిటికీ విత్తనం మాత్రమే. విత్తనం చేతిలో పెట్టుకొని పంట వచ్చిందని ఎవరూ అనరు గదా.

అందుకని తల్లిదండ్రులకు నా మనవి. బిడ్డ గొంతు బాగుంటే పోటీల వెంట పరుగెత్తకముందు ఒక గురువు దగ్గర కూర్చోబెట్టండి. వరంగల్లులో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. కర్ణాటక సంగీతమైనా, హిందుస్తానీ అయినా శ్రుతి లయలు ఒక్కటే, మొదట పునాది పడాలి. బడి చదువు మాత్రం ఆపవద్దు. పాట నిలదొక్కుకునేదాకా ఇంకో పని కూడా చేతిలో ఉండటం అవమానం కాదు. సారంగి పట్టిన ఖాన్ సాహెబే దానికి సాక్షి. ఆడపిల్ల పాడుతానంటే ముందే నోరు మూయించవద్దు. నేర్చుకున్న తర్వాత నలుగురిలో పాడాలా వద్దా అన్నది కుటుంబమంతా కూర్చొని, ఆ బిడ్డ మాట కూడా విని నిర్ణయించుకోండి.

సొసైటీ పెద్దలకు కూడా ఒక మనవి. పక్షవాతం వచ్చిన ఖాన్ సాహెబ్‌కు ఒక నవాబు నీడ దొరికింది. ఈ రోజు నవాబులు లేరు, ప్యాలెస్‌లు లేవు. మన ఊళ్ళలో గొంతు పోయిన కవ్వాలు, ఊపిరి చాలని షెహనాయి వాద్యకారుడు ఎవరి గుమ్మంలోకి పోవాలి? విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నట్టే, వృద్ధ కళాకారుల మందుల ఖర్చుకు ఏటా కొంత సొమ్ము పక్కన పెడితే బాగుంటుంది. వందమంది సభ్యులు తలా కొంచెం వేసుకుంటే ఒక నవాబు చేసినంత పని చేయవచ్చు.

అల్లాహ్ ఆ మహా గాయకుని మగ్‌ఫిరత్ చేయుగాక. మన బిడ్డలకు ఏ విద్యలో దిగినా అంతటి ఓపికను, పట్టుదలను ప్రసాదించుగాక. ఆమీన్.